ఉయ్యాలలో నూనెగుడ్డల మూట

సంచి వెచ్చగా ఉంది.

ద్వారపూడిలో బస్సు ఆగినప్పుడు టైము చూసుకుందామని, ఒళ్ళో ఉన్న సంచిలో ఫోను కోసం తడిమాను. మే నెల, మధ్యాహ్నం రెండున్నర. బస్సులో ఏది ముట్టుకున్నా వేడిగానే ఉంది. సీటు కమ్మీ కాలుతోంది, కిటికీ ఊచ కాలుతోంది. కానీ సంచిలోని వేడి వేరు. ఎండ పైనుంచి వస్తుంది, ఇది లోపలినుంచి వస్తోంది. జ్వరం వచ్చిన పిల్ల వీపు మీద చెయ్యి వేస్తే ఎలా తెలుస్తుందో అలా తెలిసింది.

జిప్పు తీశాను. ఆ ఉదయం పనిలో వాడిన నూనెగుడ్డ ఒకటి ప్లాస్టిక్ కవరులో ఉండచుట్టి పెట్టుకున్నాను. బస్సు తప్పిపోతుందన్న తొందరలో చేసిన పని. ఉండ విప్పితే మధ్య మడత వేలికి చురుక్కుమంది. కమురు వాసన వేసింది.

ఒక్క గుడ్డకే ఇంత. ఇలాంటివి ఇంకో ఏడు మండపేటలో, నేను పనిచేసి వచ్చిన ఇంట్లో ఉన్నాయి. పిట్టగోడ మీద విడివిడిగా ఆరేసి వచ్చాను. అవి ఇంకా అలాగే ఉంటే భయం లేదు. అలాగే ఉన్నాయా?

బస్సు దిగిపోయాను.

ముప్పై నాలుగేళ్ళకే రిటైర్మెంటు

ఇది జరిగి రెండేళ్ళయింది. మిగతాది చెప్పేముందు నేనెవరో, ఎవరి కోసం రాస్తున్నానో చెప్పాలి.

రాజమండ్రిలో ఒక ఫర్నిచర్ షాపులో పన్నెండేళ్ళు పనిచేశాను. షాపులో కూర్చుని కాదు. జనం ఇళ్ళకు వెళ్ళి బల్లల మీద మరకలు తీయడం, బీరువాల మీద గీతలు మాపడం, మంచాల పాలిష్ సరిచేయడం నా పని. బీయస్సీ కెమిస్ట్రీ చదివి ఇదేం పనని మా చుట్టాలు చాలా ఏళ్ళు అడిగారు. ఇప్పుడు అడగడం మానేశారు. వాళ్ళ డైనింగ్ టేబుళ్ళ మీద కూడా మరకలు పడ్డాయి కదా.

ఈ నెలాఖరుకు మానేస్తున్నాను. థిన్నరు వాసన ఇంక పడదని, ఊపిరితిత్తులు కావాలో పని కావాలో తేల్చుకోమని డాక్టరు గారు చెప్పారు. పన్నెండేళ్ళలో మాస్కు పెట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా చోట ఇద్దరమ్మాయిలు చేరుతున్నారు. వాళ్ళకు నేను చెప్పే మొదటి మాట అదే: మాస్కు పెట్టుకోండి. మిగతావి, పిల్లలు పడుకున్నాక కూర్చుని, గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

మీరు చెక్కతో పనిచేయబోతున్నామని అనుకుంటారు. చెక్క చాలా మంచిది, మాట్లాడదు. మరక చేసిన మనిషి మీ పక్కనే నిలబడి ఉంటాడు. వేడి గిన్నె పెట్టిన కోడలు, పెట్టించుకున్న అత్తగారు, "మా చిన్నాడే పడేశాడండి" అంటూ ఊళ్ళో లేని కొడుకు మీదికి తోసేసే నాన్నగారు. ఎవరు చేశారని అడగకండి. ఎప్పుడు పడిందో, తర్వాత దాని మీద ఏం రుద్దారో అడగండి. మరక కన్నా రుద్దినదే ఎక్కువ పాడుచేస్తుంది.

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. గ్యాసు కట్టేశానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వస్తాను. పిల్లలు పుట్టాక ఇంకా పెరిగింది. ఇంట్లో నవ్వుతారు. ఈ పనిలో మాత్రం అది నాకు స్క్రూడ్రైవరు లాంటిదే. భయస్తులు ప్రతిదీ ఒకసారి ముట్టుకుని చూస్తారు.

ఎర్రబడిన పసుపు

చేరిన రెండో నెలలో కాకినాడలో ఒక పెళ్ళివారింటికి పంపారు. కొత్త టేకు బల్ల మీద పసుపు ముద్ద రాత్రంతా ఉండిపోయి, అరచేయంత పచ్చటి మరక పడింది. నేను చదువుకున్నదాన్ని కదా, సోడా కలిపిన సబ్బునీళ్ళతో తుడిచాను. కళ్ళముందే పచ్చటి మరక నెత్తురులా ఎర్రబడింది. ఆ ఇంటావిడ గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయింది. పెళ్ళింట్లో అలాంటి రంగు!

మా పాలిష్ మేస్త్రి వీర్రాజు గారికి ఫోను చేశాను. ఆయన అప్పటికే ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నారు.

"ఏం పెట్టేవు దానికి?"

"సోడా అండి."

"పారాణి నీళ్ళెలా చేస్తారో ఎప్పుడూ చూళ్ళేదా? పసుపులో సున్నం పడితే ఏమవుద్ది?"

"ఎర్రబడుద్దండి."

"మరింకేం. నిమ్మకాయ పిండు."

పిండాను. ఎరుపు పోయి మళ్ళీ పచ్చబడింది. కాలేజీ ల్యాబులో నేను అదే పసుపు కాగితంతో ప్రయోగం చేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ కాగితం, ఈ బల్ల ఒకటేనని తట్టలేదు. మిగిలిన పచ్చదనానికి మందు ఎండే. మూడు రోజులు కిటికీ దగ్గర ఎండ పడేలా బల్ల జరిపి ఉంచితే పసుపు దానంతటదే వెలిసిపోయింది.

వేడి గిన్నెల కింద పడే తెల్లటి వలయాలకు వీర్రాజు గారి దగ్గర ఇంకా తేలిక మందు ఉండేది. కొబ్బరినూనెలో చిటికెడు విభూతి కలిపి, మెత్తటి గుడ్డతో చెక్క ఈనెల వెంట నెమ్మదిగా రుద్దడం. వలయం చెక్కలో ఉండదు, పైన పాలిష్‌లోనే ఉంటుంది. దాన్ని అక్కడిదాకానే గీకాలి. విభూతి అంతకు మించి గీకలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు గరుకుకాగితం తీసుకుని చెక్కదాకా వెళ్ళిపోతారు. అది మరక తీయడం కాదు, పెద్ద మరక చేయడం.

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో ఒకటి మాత్రం నేను సగమే నేర్చుకున్నాను. అవిసె నూనె పట్టించిన గుడ్డల్ని ఎప్పుడూ ఉండచుట్టనిచ్చేవారు కాదు. "విడివిడిగా ఆరెయ్యి" అనేవారు. ఆరేసేదాన్ని. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఖాళీగా ఉంచకూడని ఉయ్యాల

మండపేట వాళ్ళది వ్యవసాయదారుల ఇల్లు. ఇంటి పెద్దావిడ మంగతాయారు గారు. అందరితోపాటు నేనూ మామ్మగారు అనేదాన్ని. ఆవిడ మనవరాలు శిరీష పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆదివారం బారసాల. మామ్మగారి నలుగురు పిల్లలూ పడుకున్న టేకు ఉయ్యాల, ఇత్తడి గొలుసులది, అటక మీదనుంచి దింపారు. ఏళ్ళ తరబడి దాని మీద ఇనప ట్రంకుపెట్టె పెట్టి ఉంచారట. పైకప్పు కారి వాననీళ్ళకు తడిసి, ఇనప తుప్పు నల్లటి మచ్చలై చెక్కలోకి దిగింది.

గురువారం నిమ్మరసంతో ఆ నలుపు తీసి, కడిగి, ఆరబెట్టాను. శుక్రవారం పొద్దున్న నూనె పట్టించాను. ఇంట్లో పసిగుడ్డు ఉంది కాబట్టి థిన్నరు వాసన వద్దనుకుని అవిసె నూనె ఎంచుకున్నాను. అది మంచి ఆలోచనే. గుడ్డలన్నీ పిట్టగోడ మీద పరిచి, "వీటిని కదపకండి మామ్మగారూ" అని చెప్పి బస్సెక్కాను.

ద్వారపూడిలో దిగి, ఆటో ఎక్కి మండపేట పొమ్మన్నాను. దారిలో శిరీష నంబరుకు ఫోను చేశాను. మామ్మగారు ఎత్తారు.

"మామ్మగారూ, గోడ మీద గుడ్డలు అలాగే ఉన్నాయాండీ?"

"లేవమ్మా, తీసేశాను. బారసాల ఇల్లు, వచ్చేపోయే వాళ్ళుంటారు. గోడ మీద ఆ పేలికలేంటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎక్కడ పెట్టారండి?"

"ఉయ్యాల్లో. నూనె చేతికి అంటట్లేదని ఉయ్యాలని గొలుసులకి తగిలించేశాం. ఉత్త ఉయ్యాల ఉంచకూడదు కదా. రుబ్బురోలు పొత్రం పెడదామంటే ఆదివారం దాకా ఆగమంది మా ఆడపడుచు. నూలు గుడ్డలు కదా అని అవే గట్టిగా మూటగట్టి పడుకోబెట్టాను. చంటిపిల్లలా ఉందిలే చూట్టానికి!"

"ఉయ్యాల ఎక్కడుందండీ?"

"శిరీష గదిలోనే. తల్లీపిల్లా నిద్రపోతున్నారు."

"మీరు వెంటనే వెళ్ళి ఆ మూట బయట పడెయ్యండి. పోనీ ఫోను శిరీషకివ్వండి."

"నేను ఇంట్లో లేనమ్మా, పిలుపులకొచ్చాం, నాలుగిళ్ళ అవతలున్నాను. బాలింతకి ఫోనేంటని దీన్ని నేనే పట్టుకొచ్చేశాను. ఇంతకీ ఏమైంది?"

"ఆ మూట అంటుకుంటుందండీ."

"నిప్పేదమ్మా? ఆ గదిలో దీపం కూడా పెట్టలేదు."

"నిప్పక్కర్లేదండి. నూనెగుడ్డలు మూటగడితే వాటంతటవే అంటుకుంటాయి."

"వాటంతటవే! ఎండ దెబ్బ గాని తగిలిందా నీకు? ఎక్కడున్నావు? కాసిని మజ్జిగ తాగమ్మా."

నాకు ఆక్సీకరణం అన్న మాట తెలుసు. నూనె ఆరడమంటే గాలిలో ఆక్సిజన్‌తో కలవడమని, అప్పుడు వేడి పుడుతుందని, పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుందని, మూటలో పోయే దారి లేక పెరుగుతుందని తెలుసు. పరీక్షలో అయితే రెండు పేజీలు రాసేదాన్ని. ఆ పాఠం, ఈ గుడ్డలు ఒకటేనని సంచి వెచ్చబడ్డాకే తట్టింది. పిలుపుల మధ్య నిలబడ్డ డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ రెండు పేజీలూ పనికిరావు. రోడ్డు పక్కన కోతలైన చేల గట్ల మీద గడ్డివాములు కనిపించాయి.

"మామ్మగారూ, గడ్డి సరిగ్గా ఆరకుండా వామి వేస్తే ఏమవుతుందండి?"



"లోపల ఉడుకుద్ది. పొగొస్తది. మా మావగారి రోజుల్లో ఒక వామి..."

"ఇదీ అంతేనండి."

ఫోను ఎక్కడో పడ్డ చప్పుడైంది. "తప్పుకోవే అమ్మాజీ!" అని ఎదురుగా ఉన్న ఎవరినో తోసుకుపోతున్న కేక వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

మండపేట చేరడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నేను ఏం ఆలోచించానో రాయను. పిల్లలున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అరచేయంత మచ్చ

ఇంటిముందు పదిమంది ఉన్నారు. అరుగు మీద శిరీష కూర్చుని ఉంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. నిద్రపోతోందా అని నేను వంగి ఊపిరి చూశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పెరట్లో కుడితి గోలెంలో మూట తేలుతోంది. మామ్మగారు దాన్ని చీరకొంగుతో పట్టుకుని పరిగెత్తి గోలెంలో వేశారట. కొంగుకు రెండు చిల్లులు పడ్డాయి. మూట విప్పి చూస్తే మధ్యలో రెండు గుడ్డలు బొగ్గయిపోయాయి. ఇంకాసేపుంటే మంట వచ్చేది.

నన్ను చూసి మామ్మగారు లేచారు.

"కదపకండి అన్నావు. ఎందుకు కదపకూడదో చెబితే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా? ఆ గడ్డివామి మాటేదో పొద్దున్నే చెప్పి చావొచ్చు కదా!"

ఎందుకో పొద్దున్న నాకే తట్టలేదు. కదపకండి అంటే చాలనుకున్నాను. అదే నా తప్పు. పనిలో చేసిన తప్పులన్నిటిలో అది పెద్దది. మీరు ఒక ఇంట్లో ఏదైనా వదిలి వస్తే, దాన్ని ఏం చేయాలో చెప్పడం సగం పని. ఎందుకో వాళ్ళకు తెలిసిన మాటల్లో చెప్పడం మిగతా సగం.

షాపు ఓనరు సత్తిబాబు గారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "మూట కట్టింది వాళ్ళే కదా. మనకేం సంబంధమని చెప్పి వచ్చెయ్" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. నా రెండు పురుళ్ళకూ అడగకుండానే సెలవిచ్చిన మనిషి. కానీ షాపులో కూర్చున్నవాళ్ళకు మనుషుల మొహాలు కనిపించవు. తప్పు నాదని ఆ పదిమంది ముందూ చెప్పేశాను. భయస్తురాలినే, కానీ చెప్పేశాక భయం సగం తగ్గింది.

వీర్రాజు గారికి కూడా చేశాను. "ఎందుకు ఆరెయ్యాలో నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?" అని గట్టిగానే అడిగాను.

"నాకు తెలిస్తే కదమ్మాయ్. మా నాన్న ఆరెయ్యమన్నాడు, ఆరేశాను. ఇంతకీ ఎందుకంటావు?"

చెప్పాను. ఆయన చాలాసేపు విని, "ఆయ్, అదా సంగతి!" అని, "మరి ఉయ్యాల ఏమైంది?" అన్నారు.

అసలు సమస్య అప్పుడు మొదలైంది. ఉయ్యాల అడుగు చెక్క మధ్యలో అరచేయంత నల్లటి కాలిన మచ్చ. మామ్మగారి ఆడపడుచు గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పేసింది: "కాలిన ఉయ్యాల్లో పిల్లనెలా వేస్తారు వదినా? దాన్ని పొయ్యిలో పెట్టుకో. బజార్లో కొత్తది కొను."

మామ్మగారు తన నలుగురు పిల్లలూ పడుకున్న చెక్కను ఒకసారి చేత్తో తడిమి నా వైపు తిరిగారు. "మచ్చ కనబడితే ఇదిగో, దీని నోరు ఆగదు. ఊరి నోరు అసలాగదు. కనబడకుండా చేస్తావా?"

"రేపు సాయంత్రానికి చేస్తానండి."

అన్నానే గాని, చేయగలనో లేదో నాకు తెలియదు.

శనివారం పొద్దున్న ఏడింటికి పెరట్లో కూర్చున్నాను. కాలిన చెక్కను గోరుతో నొక్కితే ఎంతవరకు మెత్తగా దిగుతుందో అంతవరకు బొగ్గు. ఇక్కడ అది రూపాయి బిళ్ళ మందం కన్నా లోతు లేదు. గాజుపెంకుతో గీకడం మొదలుపెట్టాను. బ్లేడు కన్నా పెంకు నయమని వీర్రాజు గారు ఫోనులోనే చెప్పారు. బ్లేడు కోస్తుంది, పెంకు పొరపొరగా లేపుతుంది.

ఇక్కడ ఒక రహస్యం ఉంది, రాసిపెట్టుకోండి. మచ్చ ఎంతుందో అంతే గీకితే గుంట పడుతుంది. చుట్టూ దానికి నాలుగింతలు వెడల్పున, అంచుకు పోనుపోను తక్కువగా గీకితే వాలు వస్తుంది. మనిషి కన్ను గుంటను పట్టేస్తుంది. వాలును పట్టదు.

మధ్యాహ్నం దాకా అదే పని. తర్వాత పొగవాసన పోవడానికి ఉయ్యాలను ఎండలో బోర్లించాను. తాజా టేకు తెల్లగా బయటపడింది. చుట్టూ ఉన్నదేమో యాభై ఏళ్ళ ముదురు రంగు. తాంబూలంలో వేసే కాచు నీళ్ళలో నానబెట్టి, అడుగువైపు ఒక మూల పూసి చూశాను. మొదటిసారి ఎరుపెక్కింది. ఇంకొంచెం పలుచన చేసి, రెండు పూతలు పూస్తే కలిసింది. చెక్క ఈనెలు తెగిపోయిన చోట, వెంట్రుకంత సన్నటి బ్రష్షుతో ఒక్కొక్క ఈనె కలుపుతూ గీశాను. చెయ్యి వణకకూడదని ఊపిరి బిగబట్టి గీశాను.

పైన ఈసారి నూనె వాడలేదు. ఏటికొప్పాక బొమ్మలకు వేసే లక్కనే స్పిరిట్లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచగా ఏడు పూతలు వేశాను. అది ఇట్టే ఆరుతుంది, స్పిరిట్ వాసనా గాలికి పోతుంది. చివరికి తేనెమైనంతో తుడిచాను. వాడిన గుడ్డల్ని నీళ్ళలో జాడించి పిట్టగోడ మీద పరిచాను. వీధిలో పోయే ప్రతి మనిషినీ ఆపి మామ్మగారు వాటి సంగతి చెప్పారు: "ముట్టుకోకండి. మూటగడితే తడి గడ్డివామిలా అంటుకుంటాయి. నిజం, నా కళ్ళతో చూశాను."

ఐదున్నరకు ఉయ్యాలను హాల్లో పెట్టాం. నేనే కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. దిద్దిన చోటు ఏటవాలు వెలుతురులోనే బయటపడుతుంది. చూసేవాళ్ళు అక్కడినుంచే చూడాలి, దాచిపెట్టి గెలిస్తే ఏం లాభం? మామ్మగారి ఆడపడుచు కళ్ళజోడు తుడుచుకుని వంగింది. అరచేత్తో తడిమింది. అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. చివరికి తలవైపు ఒక చోట వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ. ఎంత చేసినా తెలిసిపోద్ది."

అందరూ నా మొహం చూశారు.

"అది చెక్కలో పుట్టిన ముడి అండి. చెట్టుకు కొమ్మ వచ్చిన చోటు. కాలింది అక్కడ కాదు."

"మరెక్కడ?"

"నేను చెప్పనండి."

మామ్మగారు అంత గట్టిగా నవ్వడం నేను అంతవరకు వినలేదు. శిరీష నవ్వు ఆపుకోలేక పాపను పక్కవాళ్ళకు ఇచ్చేసింది. ఆడపడుచు గారు ఇంకో రెండు నిమిషాలు వెతికి, కళ్ళజోడు తీసి, "సరే, వెయ్యండి పిల్లని" అన్నారు. పన్నెండేళ్ళలో నాకు దొరికిన సర్టిఫికెట్లన్నిటిలో అది పెద్దది.

ఆదివారం బారసాలకు నన్నూ రమ్మన్నారు. మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

సోమవారం ఉదయం

మర్నాడు పెసరట్లు వేస్తూ పిల్లలిద్దరికీ మొత్తం చెప్పాను. అప్పటికి పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. తప్పు అమ్మదేనన్న ముక్క ముందు చెప్పి, మిగతా కథ తర్వాత చెప్పాను. ఎవరైనా ఏదైనా ముట్టుకోవద్దంటే ఎందుకని అడగమన్నాను. నేను చెప్పినా సరే, అడగమన్నాను.

"ఆ మామ్మ నిన్ను తిట్టలేదా?" అన్నాడు వాడు.

"తిట్టారు. వీధి మొత్తం వినేలా తిట్టారు."

"మరి నిన్న ఎందుకు రమ్మన్నారు?"

"ముందు ఉయ్యాల్లో పొత్రం పెట్టారు, తీశారు. పాటలు మొదలయ్యాయి. పాపను ఉయ్యాల్లో వేసేవేళ మామ్మగారు అందరినీ పక్కకు జరగమని, పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. 'నువ్వే పడుకోబెట్టు' అన్నారు."

చిన్నది అట్టు నమలడం ఆపేసింది.

"పాప ఏడ్చిందా?"

"లేదు. పడుకుంది" అని చెప్పాను.